గదిలో అక్కకి టీబీ: లిస్టులో ఎవరెవరి పేర్లు ఉండాలి?

ప్రశ్న: నమస్తే మేడమ్. నా వయసు 24. హైదరాబాద్ ఎస్.ఆర్. నగర్‌లో ఒక లేడీస్ హాస్టల్లో నలుగురం ఒకే గదిలో ఉంటాం. మా అందరికంటే పెద్దామెను అక్క అని పిలుస్తాం. టైలరింగ్ యూనిట్‌లో పనిచేస్తుంది. సంక్రాంతి ముందు నుంచీ దగ్గుతోంది. పోయిన వారం తెమడ పరీక్షలో ఊపిరితిత్తుల టీబీ అని తేలింది, గవర్నమెంటు మందులు మొదలుపెట్టారు. టీబీ ఆఫీసు నుంచి ఫోన్ చేసి "మీ ఇంట్లో ఎవరెవరు ఉంటారు?" అని అడిగితే ఊళ్లో ఉన్న అమ్మానాన్నల పేర్లు చెప్పింది. హాస్టల్ ఊసే ఎత్తలేదు. ఓనర్‌కి తెలిస్తే ఆ రోజే ఖాళీ చేయిస్తారని భయం. నాకొక్కదానికే చెప్పి ఒట్టు వేయించుకుంది. మిగతా ఇద్దరికీ తెలియదు. వాళ్లలో ఒకమ్మాయికి చిన్నప్పటి నుంచీ షుగర్, ఇన్సులిన్ తీసుకుంటుంది. మెస్‌లో వంట చేసే ఆంటీ కూతురు, మూడేళ్ల పాప, సాయంత్రాలు మా గదిలోనే ఆడుకుంటుంది. అక్క ఒళ్లో కూర్చుని అఆలు దిద్దుతుంది. నాకు దగ్గూ జ్వరమూ ఏమీ లేవు. నేను టెస్ట్ చేయించుకోవాలా? అక్క ప్లేటు, బకెట్ వాడొచ్చా? హాస్టల్ మారిపోవాలా? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. (పేరు వద్దు)

సమాధానం: అమ్మా, ముందు మీరు అడిగినవాటికి సూటిగా చెప్పేస్తాను. టెస్ట్ చేయించుకోవాలి, ఈ వారంలోనే. ప్లేటు, బకెట్ నిశ్చింతగా వాడుకోండి. హాస్టల్ మారొద్దు. ఈ మూడు మాటలతో మీకు ఈ రాత్రి కాస్త నిద్ర పడితే చాలు. కానీ మీ ఉత్తరం చదువుతూ పాప దగ్గరికి వచ్చేసరికి నేను ఆగిపోయాను. ఆ పాప పేరు ఇప్పుడు ఏ లిస్టులోనూ లేదు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

టీబీ ఆఫీసు నుంచి ఫోన్ చేసినామె "ఇంట్లో ఎవరు?" అని అడిగారు. అక్క రేషన్ కార్డులో ఉన్నవాళ్ల పేర్లు చెప్పింది. ఆమె తప్పని నేను అనను. ఇల్లు అంటే మనకు అమ్మానాన్నలే గుర్తొస్తారు. కానీ టీబీ విషయంలో ఇల్లంటే ఒకే గాలి పీల్చిన చోటు. మందులు మొదలుపెట్టక ముందు మూడు నెలల్లో రోగి పడుకున్న గదిలో ఒక్క రాత్రి పడుకున్నా, పగటిపూట తరచుగానో ఎక్కువసేపో కలిసి గడిపినా వాళ్లు ఇంటి కాంటాక్టులే. మన దేశంలో టీబీ కార్యక్రమం పాటించే నిర్వచనం ఇది. ఇప్పుడు మీరే లెక్కేయండి. సంక్రాంతికి అక్క ఊరెళ్లి ఎన్ని రోజులుంది? మూడో, నాలుగో. మీతో ఎన్ని రాత్రులు పడుకుంది? లిస్టు తలకిందులుగా తయారైంది. అమ్మానాన్నల పేర్లు తీసేయమనడం లేదు, వాళ్లూ చూపించుకోవాలి. మీ ముగ్గురి పేర్లు మాత్రం వాళ్లకంటే ముందుండాలి.

ప్లేటు సంగతి ఒక్క మాటలో తేల్చేస్తాను. టీబీ క్రిమి గిన్నెలతోనో, బట్టలతోనో, బాత్రూంతోనో, చెయ్యి కలిపితేనో అంటుకోదు. ఊపిరితిత్తుల్లో టీబీ ఉన్నవాళ్లు దగ్గినప్పుడు, గట్టిగా మాట్లాడినప్పుడు, పాడినప్పుడు బయటికొచ్చే సన్నటి తుంపరలు మూసిన గదిలో గంటల తరబడి గాలిలో తేలుతుంటాయి. వాటిని పీలిస్తే అంటుకుంటుంది, అదొక్కటే దారి. అక్క పరుపు పారేయడం, ఆమెకు వేరే గ్లాసు పెట్టడం ఎవరినీ కాపాడవు, ఆమె మనసు మాత్రం విరిగిపోతుంది.

కాపాడేది కిటికీ. మీ గదిని నేను చూడలేదు గానీ అలాంటి గదులు చాలా చూశాను. నాలుగు మంచాలు, మధ్యలో మనిషి పక్కకు తిరిగి నడిచేంత సందు. ఉన్న ఒక్క కిటికీ కింద సూట్‌కేసులు ఒకదాని మీద ఒకటి, చువ్వలకు ఆరేసిన చున్నీలు. పక్క బిల్డింగ్ వాళ్లకు కనిపిస్తుందనీ, దోమలొస్తాయనీ రెక్కలు ఎప్పుడూ మూసే ఉంటాయి. ఏసీ ఉంటే మరీ కష్టం. గోడకు బిగించే మామూలు ఏసీ బయటి గాలి తీసుకోదు, గదిలో ఉన్న గాలినే మళ్లీ మళ్లీ తిప్పుతుంది. ఈ రోజే ఆ సూట్‌కేసులు మంచం కిందికి తోసి కిటికీ తెరవండి. తలుపు కూడా తీసి గాలి ఇటు నుంచి అటు పోయేలా చూడండి. దోమతెరకు అయ్యే ఖర్చు పెద్దదేమీ కాదు.

ఇక మీ టెస్ట్ సంగతి. "నాకు దగ్గూ జ్వరమూ లేవు" అని రాశారు. సంతోషం, కానీ ఆ ధైర్యంతో ఆగిపోకండి. 2019-21లో దేశమంతటా జరిగిన టీబీ సర్వేలో బయటపడిన రోగుల్లో 100కి దాదాపు 43 మందిని పట్టిచ్చింది ఎక్స్‌రే మాత్రమే. లక్షణాలు అడిగి వదిలేసి ఉంటే వాళ్లు దొరికేవాళ్లే కాదు. అందుకని మీ ముగ్గురికీ ఛాతీ ఎక్స్‌రే కావాలి. దగ్గరలోని పట్టణ ఆరోగ్య కేంద్రానికో బస్తీ దవాఖానాకో వెళ్లి "మా గదిలో ఒకరికి టీబీ తేలింది, నేను కాంటాక్ట్‌ని" అని చెప్పండి. కాంటాక్ట్ అన్న మాట తప్పకుండా వాడండి. మామూలుగా అయితే రెండు వారాలు దగ్గితేనే టీబీ అనుమానిస్తారు. కాంటాక్టుకు రెండు రోజుల దగ్గున్నా పట్టించుకోవాలి. సాయంత్రం పూట జ్వరం, రాత్రిళ్లు చెమటలు, బరువు తగ్గడం, ఆకలి లేకపోవడం, తెమడలో రక్తపు చార, వీటిలో ఏదున్నా దాచకుండా చెప్పండి.

ఎక్స్‌రేలో తేడా కనిపించినా, మీలో ఎవరికైనా దగ్గు ఉన్నా తెమడ పరీక్ష రాస్తారు. మూతున్న చిన్న డబ్బా ఇస్తారు. చాలామంది అందులో ఉమ్మి తెస్తారు, పరీక్ష వృథా అవుతుంది. పొద్దున లేవగానే నోరు మామూలు నీళ్లతో పుక్కిలించి, డాబా మీదికెళ్లి, రెండు మూడు సార్లు గుండెల నిండా గాలి పీల్చి, లోపలి నుంచి దగ్గి తీయాలి. చిక్కగా జిగటగా ఉంటే అది తెమడ, నీళ్లలా నురగలా ఉంటే ఉమ్మి. మూసిన గదిలో, బాత్రూంలో ఆ పని చేయకండి. ట్రూనాట్ లాంటి మెషీన్ పరీక్షలో టీబీ ఉందో లేదో తేలుతుంది, రిఫాంపిసిన్ అనే ముఖ్యమైన మందుకు క్రిమి లొంగుతుందో లేదో కూడా తెలుస్తుంది. అక్క రిపోర్టులో ఆ రెండో విషయం ఏముందో కనుక్కోండి. మందుకు లొంగని రకం అయితే ఆమె చికిత్సా, మీకు ముందుజాగ్రత్తగా ఇచ్చే మాత్రలూ రెండూ మారతాయి.

జబ్బు లేదని తేలితే అక్కడితో అయిపోదు. చాలామందికి ఈ సంగతి చెప్పేవాళ్లు ఉండరు. క్రిమి ఒంట్లోకి వెళ్లడం వేరు, జబ్బు చేయడం వేరు. లోపలికి వెళ్లిన క్రిమి చాలామందిలో నిద్రపోతున్నట్టు ఉండిపోతుంది. అలాంటి 100 మందిలో ఐదు నుంచి పది మందికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు అది జబ్బుగా మారుతుంది. వాళ్లలోనూ దాదాపు సగం మందికి మొదటి రెండేళ్లలోనే. ఆ నిద్రపోతున్న క్రిమిని లేవకముందే చంపడానికి ముందుజాగ్రత్త మందు ఉంది. ఐసోనియాజిడ్ ఆరు నెలల పాటు రోజూ వేసుకోవడం ఒక పద్ధతి. ఐసోనియాజిడ్, రిఫాపెంటిన్ కలిపి వారానికొకసారి, 12 వారాల్లో 12 సార్లు వేసుకోవడం ఇంకో పద్ధతి. ఏది ఇవ్వాలో డాక్టర్ చూస్తారు. ప్రభుత్వ కేంద్రంలో డబ్బు తీసుకోరు. దీన్ని మీ అంతట మీరు మెడికల్ షాపులో కొని మొదలుపెట్టకూడదు. జబ్బు లేదని ఖాయం చేసుకోకుండా ఈ మాత్రలు వేసుకుంటే, ఒంట్లో నిజంగా టీబీ ఉన్నపక్షంలో క్రిమి మందుకు అలవాటుపడి మొండిదైపోతుంది.

ఈ మాత్రల గురించి ఇంకొన్ని సంగతులు. రిఫాపెంటిన్ వేసుకుంటే మూత్రం ఎర్రగా వస్తుంది, కంగారు పడకండి. గర్భనిరోధక మాత్రలు సరిగ్గా పనిచేయవు. గర్భం ఉన్నా, వచ్చే అవకాశం ఉన్నా డాక్టర్‌కి ముందే చెప్పాలి. కళ్లు పచ్చబడినా, అన్నం సయించక వాంతులైనా, చేతులూ కాళ్లూ తిమ్మిరెక్కినా మందు ఆపి వెంటనే వెళ్లి చూపించుకోండి.

ఇప్పుడు మీ గదిలో షుగర్ ఉన్న అమ్మాయి. షుగర్ ఉన్నవాళ్లకు టీబీ జబ్బుగా మారే ప్రమాదం మిగతావాళ్లకంటే రెండు మూడు రెట్లు ఎక్కువ. మీరు వేసిన ఒట్టు వల్ల తనకున్న ప్రమాదం ఆ అమ్మాయికి తెలియకుండా పోతోంది. మిమ్మల్ని నిందించడానికి అనడం లేదు. మీ నిద్ర పాడైంది కూడా బహుశా ఇందుకే.

ఆ తర్వాత పాప. ఐదేళ్లలోపు పిల్లలకు క్రిమి అంటితే పెద్దవాళ్లలా ఏళ్ల తరబడి నిద్రపోదు. నెలల్లోనే జబ్బుగా మారొచ్చు, మెదడు పొరలకు పాకొచ్చు. పుట్టగానే వేసే బీసీజీ టీకా ఆ తీవ్రమైన రకాల నుంచి చాలావరకు కాపాడుతుంది, పూర్తిగా కాదు. పిల్లలు తెమడ తీసి ఉమ్మలేరు, మింగేస్తారు. బరువు పెరగకపోవడం, ఆటల మీద ఆసక్తి పోవడం, తగ్గని జ్వరం, వాళ్లలో ఇవే గుర్తులు. ఊళ్లో ఉన్న అమ్మానాన్నల పేర్లు లిస్టులో ఎక్కి, రోజూ సాయంత్రం గంటన్నర అక్క ముఖానికి జానెడు దూరంలో పలక పట్టుకుని కూర్చున్న పాప పేరు ఎక్కకపోతే ఆ లిస్టు ఎవరి కోసం? పాపకు ఆ గదిలో మంచం లేదు, హాస్టల్ రిజిస్టర్‌లో పేరు లేదు, వాళ్లమ్మ రిజిస్టర్‌లో కూడా ఉందో లేదో. ఇలాంటి పిల్లలు తేలిగ్గా జారిపోతారు. జబ్బు లేదని చూసుకుని, బరువును బట్టి ముందుజాగ్రత్త మందు ఇవ్వాల్సిన వాళ్లలో ఐదేళ్లలోపు పిల్లలు ముందుంటారు.

మరి చెప్పడమెలా? అక్కకు తెలియకుండా వెళ్లి చెప్పొద్దు. ముందు ఆమెతోనే మాట్లాడండి. "నిన్ను పట్టించడానికి కాదక్కా, పాపకు మందు ఇప్పించాలి" అనండి. ఆ పాపంటే ఆమెకు ఎంత ప్రేమో మీరే రాశారు. ఆ ఒక్క మాటకు ఆమె కాదనదని నా నమ్మకం. ఆ తర్వాత ఫోన్ చేసినామెకు అక్కే తిరిగి ఫోన్ చేసి హాస్టల్ అడ్రస్, గదిలో ఉన్నవాళ్లు, పాప, పనిచేసే చోట పక్కన కూర్చునేవాళ్లు, అందరి సంగతీ చెప్పాలి. నంబర్ లేకపోతే 1800-11-6666 టీబీ హెల్ప్‌లైన్ ఉంది, ఉచితం. రోగి పేరు బయటపెట్టకుండా కాంటాక్టులతో మాట్లాడటం సిబ్బంది పద్ధతి. అయితే మీ దగ్గర అబద్ధం ఆడను. నలుగురున్న గదిలో ముగ్గురికి పరీక్షలంటే నాలుగో మనిషి ఎవరో చిన్నపిల్లలకైనా తెలుస్తుంది. కాబట్టి ఆ ఇద్దరికీ వేరే ఎవరో చెప్పేకంటే అక్క నోటితో, మీరు పక్కన కూర్చుని ఉండగా చెప్పడం మేలు.

ఓనర్ విషయంలో అక్క భయం ఉత్తదని నేను అనలేను. టీబీ విభాగంలో పనిచేసినప్పుడు చూసిన ఒక కుర్రాడి సంగతి చెబుతాను. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి, ఇక్కడ ఒక హోటల్ వంటగదిలో పనిచేసేవాడు. టీబీ అని తెలిసిన రాత్రే గది ఖాళీ చేయించారు. సామాను గోనెసంచిలో వేసుకుని స్నేహితుడి గదికి చేరాడు. అక్కడ అప్పటికే ఐదుగురు. ఒకసారి నిజం చెప్పి రోడ్డున పడ్డవాడు రెండోసారి ఎందుకు చెబుతాడు? మాత్రలు ఎవరికంటా పడకూడదని దాచి దాచి, రెండో నెలలో మానేశాడు. మాకు మళ్లీ దొరికేసరికి దగ్గు తిరగబెట్టింది, కొత్త గదిలో ఇద్దరికి అంటుకుంది. పాత గదివాళ్లను ఎక్కడెక్కడని వెతుకుతాం? అందరూ చెదిరిపోయారు. ఆ ఓనర్ జబ్బును బయటికి పంపాననుకున్నాడు. నిజానికి జబ్బు ఎక్కడుందో చెప్పగలిగిన ఒక్క మనిషినీ బయటికి పంపేశాడు.

ఓనరమ్మ గారికి చెప్పాల్సి వస్తే ఈ రెండు సంగతులు చెప్పండి. ఒకటి, మందుకు లొంగే టీబీ అయితే మాత్రలు సరిగ్గా వేసుకుంటున్న రెండు వారాలకల్లా ఇతరులకు అంటించే గుణం బాగా తగ్గిపోతుంది. ప్రమాదం ఎక్కువగా ఉన్నది ఎవరికీ తెలియని ఆ దగ్గు నెలల్లో, అవి గడిచిపోయాయి. ఇప్పుడు వెళ్లగొడితే ఆ నెలలు వెనక్కి రావు. రెండోది పాత కథ. ఒకప్పుడు టీబీ అంటే శానిటోరియమే, అంటే రోగులను ఇంటికి దూరంగా ఉంచే ఆసుపత్రే. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో 1915లో కట్టిన శానిటోరియం గురించి మన పెద్దవాళ్లు విని ఉంటారు. రోగిని ఇంట్లోంచి తీసేస్తేనే ఇంటివాళ్లు బతుకుతారని నమ్మిన కాలమది. 1956లో మద్రాసులో పెట్టిన టీబీ కీమోథెరపీ సెంటర్ (ఇక్కడ కీమోథెరపీ అంటే టీబీ మందులతో చికిత్స) ఈ నమ్మకాన్ని పరీక్షించింది. కొందరు రోగులను శానిటోరియంలో, కొందరిని వాళ్ల ఇరుకు ఇళ్లలోనే ఉంచి మందులిచ్చారు. ఇంట్లో ఉన్న రోగులూ బాగయ్యారు, అంతకంటే ముఖ్యంగా వాళ్ల కుటుంబసభ్యులకు అదనంగా జబ్బు రాలేదు. ఆ మద్రాసు ఇళ్లు మీ హాస్టల్ గది కంటే విశాలమేమీ కాదు.

ఈ మొదటి రెండు వారాలు మాత్రం జాగ్రత్త అవసరం. వీలుంటే అక్కకు కిటికీ పక్క మంచం ఇవ్వండి, ఇంకా వీలుంటే ఆ పదిహేను రోజులకు ఒంటరి గది అడగండి. గదిలో మాస్క్ పెట్టుకోమనండి, పాపను ఆ రోజుల్లో డాబా మీద ఆడించండి. ఊరెళ్తానంటే అక్కడ చిన్నపిల్లలు లేరని చూసుకోవాలి, మందులు ఊరి ఆరోగ్య కేంద్రానికి మార్పించుకున్నాకే బస్సెక్కాలి. బస్సెక్కి తర్వాత చూద్దామనుకుంటే మధ్యలో మాత్రలు తప్పిపోతాయి.

టైలరింగ్ యూనిట్ గురించి మీరు ఒక్క మాటే రాశారు, అక్కడా తొమ్మిది పది గంటలు గడుపుతుంది కదా. షాపంతా పిలిచి చెప్పక్కర్లేదు. చెరువులో రాయి వేస్తే అలలు దగ్గర నుంచి దూరానికి వెళ్తాయి, కాంటాక్టులను వెతకడమూ అలాగే. మొదటి వరస పక్క మిషన్, ఎదురు మిషన్, కలిసి అన్నం తినేవాళ్లు. వాళ్లలో ఎవరికీ ఏమీ లేకపోతే అక్కడే ఆగొచ్చు. ఒకరికి తేలితే తర్వాతి వరసకు వెళ్తారు. ఇదంతా టీబీ సిబ్బంది పని, అక్క చేయాల్సింది పేర్లు చెప్పడమే. జీతం పోతుందని బెంగ ఉంటే ఆమెకు ఇంకొకటి గుర్తుచేయండి. చికిత్స సాగినన్నాళ్లూ, టీబీ రోగుల తిండి కోసం ప్రభుత్వం పెట్టిన నిక్షయ్ పోషణ్ యోజన కింద నెలకు 1000 రూపాయల లెక్కన బ్యాంకు ఖాతాలో వేస్తారు. 2018లో మొదలైనప్పుడు 500 ఉండేది, 2024 నవంబర్ నుంచి పెంచారు. దీనికి ఖాతా వివరాలు ఇచ్చి ఉండాలి.

ఆ డబ్బు గుడ్లకూ పప్పుకూ పోవాలి. హాస్టల్ మెస్ పలచటి సాంబారుతో నెట్టుకొస్తుంటే మీ నలుగురికీ చెబుతున్నాను, తిండి కూడా ఇక్కడ మందే. జార్ఖండ్‌లో రోగుల కుటుంబాలకు నెలనెలా అదనపు రేషన్ ఇచ్చి చూసిన అధ్యయనం 2023లో వచ్చింది. అదనపు రేషన్ అందిన ఇళ్లలో కొత్తగా టీబీ రావడం 39 శాతం తగ్గింది. డైట్ పేరుతో రాత్రి భోజనం మానేసే అలవాటు మీ గదిలో ఎవరికైనా ఉంటే ఈ ఏడాదికి పక్కన పెట్టండి.

ఇప్పుడు అన్నీ బాగున్నాయని తేలినా వచ్చే రెండేళ్లలో దగ్గు పట్టుకుంటే, బరువు తగ్గితే "అప్పుడు చూపించుకున్నాం కదా" అనుకోకుండా మళ్లీ వెళ్లండి. హాస్టల్ మారినా, ఉద్యోగం మారి బెంగళూరు వెళ్లినా డాక్టర్‌కి "ఫలానా ఏడాది నేను టీబీ కాంటాక్ట్‌ని" అని చెప్పడం మర్చిపోకండి.

ఈ రాత్రి అక్కతో మాట్లాడండి. అందరికీ సెలవుండే ఆదివారం పొద్దున, టిఫిన్ పని అయ్యాక, వంట ఆంటీని కూడా గదికి పిలిచి కూర్చోబెట్టండి. కిటికీ తెరిచి ఉంచండి. సోమవారం ఎక్స్‌రేకి వెళ్లేటప్పుడు పాపను ఎత్తుకుని ఆంటీ కూడా మీతో రావాలి. పాప టీకా కార్డు ఉంటే చేతిలో పట్టుకోమని చెప్పండి, బరువు అక్కడే చూస్తారు.